ఇంటి జబ్బుల చిట్టా, మన పుట్టుక లెక్క ఒకే కాగితం మీదకి ఎక్కించడం ఎలా

డాక్టర్ దగ్గరికి వెళ్తే "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా" అని అడుగుతారు, మనం కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి "ఆఁ, నాన్నకి షుగర్ ఉందండి" అంటాం, ఆయన ఏదో గీకేస్తారు, అయిపోయింది. మొత్తం కలిపి పది సెకన్లు. నిజానికి ఆ రోజు తీసిన రక్తం కంటే ఆ పది సెకన్లలో చెప్పాల్సిందే ఎక్కువ పనికొచ్చే సందర్భాలు బోలెడు, కానీ మన దగ్గర సమాధానం రెడీగా ఉండదు కదా. ఇక "మీరు పుట్టినప్పుడు ఎంత బరువున్నారు" అని నలభై ఏళ్ల మనిషిని అడిగే డాక్టర్‌ని నేనైతే ఇంతవరకు చూడలేదు. అడిగినా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

అందుకే ఇది రాస్తున్నా. ఒక కాగితం, ఒక పెన్ను, నాలుగైదు ఫోన్ కాల్స్, ఒక ఆదివారం సాయంత్రం, అంతే కావాల్సింది. ఇందులో రెండు సగాలు ఉంటాయి. ఒకటి మీవాళ్ల నుంచి మీకు దిగిన జన్యువులు, రెండోది మీరు అమ్మ కడుపులో పడ్డప్పట్నుంచి రెండేళ్లు నిండేదాకా ఏం జరిగింది అనేది. ఈ రెండూ మీరు కోరి తెచ్చుకున్నవి కావు, ఇప్పుడు వెనక్కి వెళ్లి మార్చలేరు కూడా. మన చేతిలో ఉన్నది ఏంటంటే ఏ టెస్టు ఏ వయసులో మొదలెట్టాలి, దేని విషయంలో అందరికంటే ముందు జాగ్రత్త పడాలి, ఆ రెండే. ఈ తంటా అంతా దానికోసమే.

మొదటి పని: కాగితం గీయడం

పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా పెట్టండి. కింద మధ్యలో మీరు, పక్కన మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పై వరసలో అమ్మ, నాన్న, వాళ్ల తోడబుట్టినవాళ్లు. ఆ పైన ఒకవైపు అమ్మమ్మ, తాతయ్య, ఇంకోవైపు నాన్నమ్మ, తాతయ్య. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం, పోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక గీత. ఇది నేను కనిపెట్టిందేం కాదు, జెనెటిక్స్ డాక్టర్లు ఎక్కడైనా ఇలాగే గీస్తారు, రేపు ఎవరికి చూపించినా మళ్లీ వివరించాల్సిన పని ఉండదు.

రక్తసంబంధం ఉన్నవాళ్లే రావాలి, ఇదొక్కటే రూలు. మన పిలుపులతో ఇక్కడే తికమక, అమ్మ వాళ్లక్కా పెద్దమ్మే, నాన్న వాళ్లన్నయ్య భార్యా పెద్దమ్మే, మొదటావిడ కాగితం మీదకి వస్తుంది, రెండో ఆవిడ రాదు. మేనత్త వస్తుంది, ఆవిడ భర్త రాడు. పెళ్లైతే మీ ఆయన లేదా మీ ఆవిడ వైపుది ఇంకో కాగితం, అది మీకోసం కాదు, పిల్లల కోసం. ఒకవేళ మీరిద్దరూ పెళ్లికి ముందే బంధువులైతే రెండు కాగితాలు పైన ఎక్కడో కలుస్తాయి, ఆ కలిసేచోట ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టండి, ఎందుకో తర్వాత చెప్తా.

ఎవరి జబ్బుకి ఎంత విలువ ఇవ్వాలి అంటే, అమ్మానాన్నలతో, తోడబుట్టినవాళ్లతో మనకి సగం జన్యువులు కలుస్తాయి, తాతలు, మేనమామ, బాబాయ్, పిన్ని వీళ్లతో పావువంతు, వాళ్ల పిల్లలతో ఎనిమిదో వంతు. దూరం పోయేకొద్దీ ఒక్కళ్లకి వచ్చిన జబ్బు మీ గురించి తక్కువ చెప్తుంది. ఒకే వైపు ముగ్గురికి వస్తే మాత్రం అది వేరే సంగతి.

రెండో పని: అడగడం, ఇదే కష్టం

"మన ఇంట్లో ఏమైనా జబ్బులున్నాయా" అని అడిగారనుకోండి, "ఛ, మనవాళ్లకేం, అందరూ గట్టి మనుషులు" అని సమాధానం వస్తుంది. అబద్ధం చెప్తున్నారని కాదు, జబ్బు అంటే వాళ్ల లెక్కలో మంచం పట్టడం అన్నమాట. మా పెద్దమ్మతో నా ఫోన్ సంభాషణ ఉన్నదున్నట్టు ఇది.

"పెద్దమ్మా, నీకు షుగర్ ఉందా?"
"లేదమ్మా, నాకేం లేదు."
"మరి పొద్దున్నే మాత్రలేమైనా వేసుకుంటావా?"
"ఆ, ఒకటి తినకముందు, ఒకటి తిన్నాక."
"అవి దేనికి?"
"షుగర్ పెరక్కుండా."
"ఎప్పట్నుంచి?"
"ఎప్పట్నుంచంటే... నువ్వు కాలేజీలో చేరిన ఏడు."

నేను కాలేజీలో చేరిన ఏడాదికి ఆవిడకి 52. ఈ ఒక్క ముక్క కోసం పావుగంట పట్టింది, మధ్యలో నా పెళ్లి ప్రస్తావన రెండుసార్లు వచ్చింది అనుకోండి, అది వేరే కథ.

కాబట్టి జబ్బు పేరు అడక్కండి, మాత్రలు అడగండి. ఏ వయసులో వచ్చింది అని అడక్కండి, ఎవరికీ గుర్తుండదు, "చిన్నోడి పెళ్లికి ముందా తర్వాతా", "ఇల్లు కట్టేటప్పటికి ఉందా" అని అడిగి మీరే లెక్క కట్టుకోండి. ఐదేళ్లు అటూఇటూ అయినా నష్టం లేదు. పోయినవాళ్ల గురించి ఐతే ఎలా పోయారు, ఆ ముందు ఏడాది ఎలా ఉన్నారు అని రెండూ అడగాలి, ఎందుకంటే మనవాళ్లు చావుని చెప్పే పద్ధతి వేరు. "నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు" అంటే 85 ఏళ్లకి ఐతే సరే, 46 ఏళ్లకి ఐతే అది గుండె సంగతేమో అనుకోవాలి. "కడుపులో గడ్డ లేచింది" అంటే క్యాన్సర్ అయుండొచ్చు, పేగుదా గర్భాశయానిదా అండాశయానిదా అని కూపీ లాగాలి. "నరాల బలహీనత" అనే మాట కింద ఫిట్స్ ఉండొచ్చు, డిప్రెషన్ ఉండొచ్చు, నిజంగానే నరాలూ ఉండొచ్చు. పుట్టి పోయిన పిల్లలు, నిలవని గర్భాలు వీటి గురించి నలుగురిలో అడక్కండి, ఒక్కళ్లే ఉన్నప్పుడు మెల్లగా అడగండి, చెప్పకపోతే వదిలేయండి.

ప్రతి పేరు పక్కనా మూడు ముక్కలు చాలు: ఏం జబ్బు, ఏ వయసుకి, సిగరెట్టు మందు లాంటివి ఉన్నాయా. ఆ మూడోది ఎందుకంటే రోజుకి రెండు పెట్టెలు కాల్చే మామయ్యకి 50కి గుండెపోటు రావడం, ఏ అలవాటూ లేని పిన్నికి 50కి రావడం ఒకటి కాదు, రెండోదే జన్యువుల వైపు ఎక్కువ వేలు చూపిస్తుంది. దత్తత వెళ్లినవాళ్లు, ఒకవైపు బంధువులతో సంబంధాలు తెగిపోయినవాళ్లు ఈ సగం ఖాళీగా వదిలేసి నాలుగో పనికి వెళ్లిపోండి, అది ఒక్కటే చేసినా దండగ కాదు.

మూడో పని: జబ్బు పేరు కంటే వయసు చూడటం

కాగితం నిండాక చాలామంది చేసే తప్పు ఏంటంటే జబ్బుల పేర్లు లెక్కపెట్టి బెంబేలెత్తిపోవడం. తాతయ్యకి 82కి గుండెపోటు వస్తే అది మీ గురించి పెద్దగా ఏం చెప్పదు, ఆ వయసుకి రక్తనాళాలు ఎవరివైనా అరుగుతాయి. అదే నాన్నకో అన్నకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు వస్తే డాక్టర్లు దాన్ని తొందరగా వచ్చిన గుండె జబ్బు కింద రాసుకుంటారు, అప్పుడు మీ కొలెస్ట్రాల్, బీపీ లెక్కలు వేరే కళ్లతో చూస్తారు.

ఇలాంటి ఇంట్లో ముందు పట్టుకోవాల్సింది వంశపారంపర్యంగా వచ్చే ఎక్కువ కొలెస్ట్రాల్. 250 మందిలో సుమారు ఒకరికి ఉంటుంది ఇది, అంటే అరుదేం కాదు, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. సన్నగా ఉన్నా, తిండి జాగ్రత్తగా ఉన్నా పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 దాటుతోందంటే దీని గురించి అడగండి. ఒకళ్లకి తేలిందంటే తోడబుట్టినవాళ్లు, పిల్లలు అందరూ చేయించుకోవాలి, ఎందుకంటే దీనికి మందులు బాగా పనిచేస్తాయి, ఎంత ముందు మొదలెడితే అంత మేలు.

అలాగే ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి రొమ్ము క్యాన్సర్, లేదా ఒకరికి 50 లోపు, లేదా ఎవరికైనా అండాశయ క్యాన్సర్ ఉంటే బీఆర్‌సీఏ జన్యువుల (పాడైతే ఈ క్యాన్సర్ల అవకాశం బాగా పెంచేవి, బీఆర్‌సీఏ1, 2 అని రెండు) గురించి జెనెటిక్ కౌన్సిలర్‌తో (వంశపారంపర్య జబ్బుల మీద సలహా ఇచ్చే నిపుణులు) మాట్లాడాలి. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1990లో వీటిలో మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు, మార్పు ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దగ్గర. ఇది నాన్న వైపు నుంచి కూడా వస్తుందండోయ్, మేనత్తకి వస్తే "అది వాళ్ల వైపు కదా" అని తీసిపారేయకండి. పెద్దపేగు క్యాన్సర్ ఐతే గుర్తుపెట్టుకోవడం ఈజీ, అమ్మకో నాన్నకో తోడబుట్టినవాళ్లకో వచ్చినప్పుడు వాళ్ల వయసులోంచి పదేళ్లు తీసేయండి, అదీ 40 ఏళ్లూ, రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష).

ఎర్ర పెన్ను సంగతి. కొన్ని జబ్బులు అమ్మానాన్నలిద్దరి దగ్గర్నుంచీ ఒకే జన్యువుకి చెడిపోయిన కాపీ వస్తేనే బయటపడతాయి, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తం జబ్బులు అలాంటివి, తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి మామూలుగానే ఉంటారు కానీ ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గర బంధువులైతే ఆ ఒకే కాపీ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది. పిల్లల్ని అనుకునే ముందు క్యారియర్ టెస్టు (చెడిపోయిన కాపీ మోస్తున్నామా అని చూసేది) చేయించుకుంటే తేలిపోతుంది, అంతే, ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు.

ఇక మిగిలింది షుగర్, బీపీ, లావు. ఇవి ఒక్క జన్యువుతో వచ్చేవి కావు, మనకున్న సుమారు 20,000 జన్యువుల్లోనూ వాటి చుట్టుపక్కలా వందల చోట్ల చిన్న చిన్న తేడాలు కలిసి చేసే పని. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ అనే జన్యువే తీసుకోండి, లావు జన్యువని పేపర్లన్నీ మోత మోగించాయి, తీరా చూస్తే రెండు రిస్క్ కాపీలూ ఉన్నవాళ్లు ఒక్కటీ లేనివాళ్ల కంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉంటారు, అంతే. "మా ఇంట్లో అందరూ ఇంతే" అని చేతులెత్తేసేవాళ్లకి ఇంకోటి చెప్తా, 2016లో 55,000 మందికి పైగా మనుషుల మీద వచ్చిన ఒక స్టడీలో గుండె జబ్బుకి జన్యుపరంగా ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లని విడదీసి చూశారు, వాళ్లలో సిగరెట్టు లేకుండా, బరువు అదుపులో, వ్యాయామం, తిండి సరిగ్గా ఉన్నవాళ్లకి గుండె జబ్బు అలా లేనివాళ్ల కంటే దాదాపు సగం తక్కువ. అవే జన్యువులు, సగం జబ్బు.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే పీకేయూ అనే జబ్బు చూడండి. ఒక్క జన్యువు పాడై తిండిలోంచి వచ్చే ఫినైల్ అలనీన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది, వదిలేస్తే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. 1960ల్లో అమెరికా డాక్టర్ రాబర్ట్ గత్రీ పసిబిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పట్టేసే టెస్టు తెచ్చారు, అప్పట్నుంచి పుట్టిన కొద్ది రోజుల్లోనే తిండి మార్చేస్తే పిల్లలు మామూలుగా పెరుగుతున్నారు. జన్యువు అలాగే ఉంది, పళ్లెం మారింది.

నాలుగో పని: మీ పుట్టుక లెక్క తీయడం

ఇది ఎవరూ చేయరు, నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది ఇక్కడే. కాగితం వెనక్కి తిప్పి అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఇవి అడగండి: పుట్టినప్పుడు బరువెంత, నెలలు నిండాయా, కవలా, కడుపుతో ఉన్నప్పుడు నీకు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాల్చేవాళ్లా, పాలు ఎన్నాళ్లిచ్చావు, మొదటి రెండేళ్లలో నేను ఆసుపత్రిలో ఉన్నానా, స్కూలుకి వెళ్లేటప్పటికి బక్కగా ఉన్నానా బొద్దుగా ఉన్నానా. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు దొరికితే అదే సాక్ష్యం. నా కార్డు అమ్మ బీరువాలో పాత ఫోటోల కవరులో దొరికింది, మడతల దగ్గర చిరిగి, నీలం ఇంకు సగం వెలిసిపోయి, బరువు అన్నచోట 2.1 అని ఉంది. అమ్మ మాత్రం ఇప్పటికీ "బానే ఉండేదానివి" అంటుంది. 2.5 కిలోల కంటే తక్కువైతే తక్కువ బరువు, 37 వారాల కంటే ముందైతే నెలలు నిండని కాన్పు, ఈ రెండు గీతలు గుర్తుంచుకోండి.

నలభై ఏళ్ల తర్వాత ఈ అంకెతో పనేంటి అంటారా, అది ఒక నర్సు రిజిస్టరు కథ. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీలో 1911 నుంచి నర్సులు ఇంటింటికీ తిరిగి పుట్టిన ప్రతి బిడ్డ బరువు, మళ్లీ ఏడాది నిండాక బరువు రాసిపెట్టారు. డేవిడ్ బార్కర్ అనే డాక్టర్, ఆయన టీమ్ ఆ పుస్తకాలు పట్టుకుని 1911 నుంచి 1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్లు తర్వాత దేనితో పోయారో వెతికి 1989లో బయటపెట్టారు. ఏడాది వయసులో 8 కిలోల దగ్గరే ఆగిపోయినవాళ్లలో గుండె జబ్బు చావులు 12 కిలోలు దాటినవాళ్లకి రెట్టింపు పైనే ఉన్నాయి. అరవై డెబ్భై ఏళ్ల తర్వాత వచ్చే గుండెపోటు గురించి ఏడాది బిడ్డ బరువు చెప్పడం ఏంటని అప్పట్లో చాలామంది నమ్మలేదు, తర్వాత వేరే దేశాల లెక్కలు కూడా అటే వచ్చాయి.

కారణం మరీ మాయ ఏం కాదు. కడుపులో తిండి చాలకపోతే బిడ్డ ఉన్నదాంట్లో సర్దుకుంటుంది, ముందు మెదడుకి పంపి మిగతావాటికి కోత పెడుతుంది. కిడ్నీల్లో వడపోసే నెఫ్రాన్లు దాదాపు 36వ వారం దాకానే తయారవుతాయి, ఆ తర్వాత కొత్తవి రావు, తక్కువతో పుడితే ఉన్నవాటి మీదే జీవితాంతం బరువు పడుతుంది, బీపీ పెరగడానికి అదో దారి. కండ కూడా తక్కువగా ఏర్పడుతుంది, ఒళ్లు ఇన్సులిన్‌ని వాడుకునే తీరూ మారుతుంది. కరువులో బతకడానికి తయారైన ఒళ్లు తీరా బయటికి వచ్చి సమృద్ధిగా తినడం మొదలెడితే లెక్క తప్పుతుంది.

దీనికి అతిపెద్ద సాక్ష్యం నెదర్లాండ్స్‌లో 1944 నవంబర్ నుంచి 1945 మే దాకా వచ్చిన ఆకలి శీతాకాలం. యుద్ధంలో సరఫరా ఆపేసి రేషన్ రోజుకి 1,000 కేలరీల కంటే కిందకి దించేశారు. ఆ నెలల్లో కడుపులో పడ్డవాళ్లని అరవై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, అదే తల్లికి కరువు లేనప్పుడు పుట్టిన తోడబుట్టినవాళ్లతో పోలిస్తే ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువ ఉన్నాయని 2008లో తేలింది. మిథైల్ గుర్తు అంటే జన్యువు అక్షరాలు మారడం కాదు, ఇల్లు అదే, గదులూ అవే, ఏ గదికి తాళం వేశారు ఏది తెరిచి పెట్టారు అనేది మారుతుంది, దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

తిండే కాదు, లాలన కూడా తాళాలు తిప్పుతుంది, కనీసం ఎలుకల్లో. కెనడాలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ, మోషే షిఫ్ అనే శాస్త్రవేత్తలు 2004లో చూపించింది ఏంటంటే పిల్లల్ని బాగా నాకి సవరించే తల్లి ఎలుక దగ్గర పెరిగిన పిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉంటాయి, ఒత్తిడిని అదుపు చేసే జన్యువు మీద గుర్తులు కూడా వేరుగా ఉంటాయి. పుట్టగానే పిల్లల్ని అటూఇటూ మార్చేస్తే కన్నతల్లిని బట్టి కాదు, పెంచిన తల్లిని బట్టి మారాయి. మనుషుల్లో ఇంత సూటిగా చూపించడం కుదరదు, కానీ 1998లో ఫెలిటీ, అండా అనే డాక్టర్లు 9,500 మందికి పైగా పెద్దవాళ్లని చిన్నప్పుడు ఇంట్లో కొట్టడాలు, వేధింపులు, తాగుడు లాంటివి చూశారా అని అడిగితే, అలాంటివి నాలుగు అంతకంటే ఎక్కువ రకాలు ఎదుర్కొన్నవాళ్లలో డిప్రెషన్, వ్యసనాలే కాదు గుండె, ఊపిరితిత్తుల జబ్బులు కూడా ఎక్కువ కనిపించాయి. మీ బాల్యం అలాంటిదైతే అది కూడా ఆరోగ్య చరిత్రే, కాగితం మీద ఒక చుక్క పెట్టుకోండి, వివరాలు ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు అమ్మని బోనులో నిలబెట్టకండి. "నువ్వు సరిగ్గా తినలేదు కాబట్టి నాకు బీపీ" అనే లెక్క తప్పు, ఇవన్నీ వేలమంది సగటు మీద కనిపించే తేడాలు, ఒక మనిషికి ఎందుకు వచ్చిందో ఇవి చెప్పవు, పైగా ఆవిడ తిన్నదీ తినంది ఆవిడ ఒక్కదాని చేతిలో ఎప్పుడూ లేదు.

ఐదో పని: దీన్ని చెకప్‌గా మార్చడం

పుట్టుక లెక్కలో తక్కువ బరువో నెలలు నిండకపోవడమో ఉంటే వయసుతో పని లేకుండా ఏడాదికోసారి బీపీ చూపించుకోండి, ఇంట్లో మిషన్ ఉంటే ఇంకా మంచిది, ఐదు నిమిషాలు కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు. మీ పిల్లలు 32 వారాల కంటే ముందు పుట్టి ఉంటే మూడేళ్లు రాకముందే బీపీ చూడమని పిల్లల డాక్టర్ని అడగండి.

సన్నగా ఉన్నా కదా నాకేం అనుకునేవాళ్లకి ఒక ఫోటో సంగతి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫోటో 2004లో ఒక మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 22.3, అచ్చంగా ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కి 21.2 శాతం, యుడ్కిన్‌కి 9.1 శాతం. యాజ్ఞిక్ టీమ్ అంతకుముందే పుణె పసిపిల్లలు ఇంగ్లండ్ పిల్లల కంటే బాగా తక్కువ బరువుతో పుట్టినా కొవ్వు విషయంలో మాత్రం అంత వెనకబడి లేరని, కోత అంతా కండ మీదే పడిందని చూపించింది. అందుకే ఆసియా మూలాలున్నవాళ్లు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడాలి, బరువు మిషన్ కంటే నడుము టేపుని ఎక్కువ నమ్మాలి, కండ పెంచే వ్యాయామం వారానికి రెండుసార్లైనా ఉండాలి. నడకొక్కటే చాలు అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇంట్లో షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించండి, 5.7 నుంచి 6.4 మధ్య వస్తే ప్రీడయాబెటిస్ (షుగర్‌కి ముందు మెట్టు), 6.5, ఆపైన అంటే డయాబెటిస్. ఆ మధ్యలో ఉన్నవాళ్లకే అసలు అవకాశం. అమెరికాలో 2002లో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల్లో అప్పటికే గ్లూకోజ్ ఎక్కువ ఉన్నవాళ్లు బరువులో 7 శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలని పెట్టుకుంటే సుమారు మూడేళ్లలో షుగర్‌లోకి జారడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతమే. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయిందని మర్చిపోయిన ఆడవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి, మీకు తర్వాత టైప్ 2 షుగర్ (పెద్దయ్యాక మామూలుగా వచ్చే రకం) వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు, ఒకటి నుంచి మూడేళ్లకోసారి టెస్టు తప్పకూడదు.

ఆరో పని: ఇంట్లో బిడ్డ రాబోతుంటే

మొదటి వెయ్యి రోజులు అంటే కడుపులో 270, బయట రెండేళ్లు. ఐతే మొదలుపెట్టాల్సింది అంతకంటే ముందు, ఎందుకంటే బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం వచ్చిన 28 రోజులకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలీదు. పిల్లల్ని అనుకున్నప్పట్నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి, ముందు కాన్పులో ఆ లోపం వచ్చి ఉంటే డోసు చాలా ఎక్కువ ఉంటుంది, డాక్టర్ని అడిగే వేసుకోవాలి. పుట్టాక ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత వేరే తిండితో పాటు రెండేళ్లు, ఆపైనా ఇవ్వొచ్చు. పాలు పడనివాళ్లు దీనికి కుమిలిపోకండి, ఈ జాబితాలో ఇదొక్కటే లేదు.

తియ్యటి తిండి సంగతి మాత్రం వినండి. బ్రిటన్‌లో యుద్ధకాలం నాటి చక్కెర రేషన్ 1953 సెప్టెంబర్‌లో ఎత్తేశారు, కొద్ది రోజుల్లోనే వాడకం దాదాపు రెట్టింపైంది. ఆ తేదీకి ముందు, తర్వాత కడుపులో పడ్డవాళ్లని పోల్చి 2024లో లెక్కలు బయటపెట్టారు, మొదటి వెయ్యి రోజులు రేషన్ కింద గడిచినవాళ్లకి పెద్దయ్యాక టైప్ 2 షుగర్ సుమారు 35 శాతం, బీపీ సుమారు 20 శాతం తక్కువ. కాబట్టి రెండేళ్ల లోపు పిల్లల తిండిలో చక్కెర కలపకండి, "కొంచెం తీపి లేకపోతే తినడు" అనే పెద్దవాళ్లతో చిన్న గొడవ తప్పదు, పడండి.

ఇంకోటి, బిడ్డ చిన్నగా పుట్టిందని త్వరగా లావు చేసేయాలనే తపన. ఫిన్లాండ్ లెక్కల్లో తర్వాత గుండె జబ్బు ఎక్కువ వచ్చింది చిన్నగా పుట్టి, బడి వయసుకి గబగబా బరువెక్కినవాళ్లకే. డాక్టర్ దగ్గర ఎదుగుదల చార్టు వేయించండి, గీత పక్కనే పైకి వెళ్తుంటే చాలు, పక్కింటి బిడ్డతో పోటీ వద్దు.

ఏడో పని: ఉమ్మి పంపే టెస్టు కిట్లు

చిన్నగా చెప్తా. ఊరికే సరదాకి ఐతే మీ ఇష్టం. జబ్బు తెలుసుకోవడానికి ఐతే ముందు పై కాగితం, తర్వాత కౌన్సిలర్, ఆ తర్వాతే ల్యాబ్ టెస్టు. ఈ కిట్లు చాలావరకు ఒక జన్యువులో ఎంచుకున్న కొన్ని మార్పులే చూస్తాయి, వేల మార్పులు సాధ్యమయ్యే బీఆర్‌సీఏలో "ఏం దొరకలేదు" అంటే ఏం లేదని కాదు. ఇంట్లో ఎవరికి జబ్బు వచ్చిందో వాళ్లకి ముందు టెస్టు చేస్తే ఏ మార్పు కోసం వెతకాలో తెలుస్తుంది, మిగతావాళ్లకి పని సులువు.

చివరగా, కాగితం ఫోటో తీసి తోడబుట్టినవాళ్లకి పంపండి, ముందువైపు వాళ్లకీ సరిపోతుంది, వెనకవైపు ఎవరిది వాళ్లే రాసుకోవాలి. మూలన తేదీ వేయండి, ఇంట్లో ఎవరికైనా కొత్తగా ఏదైనా తేలినప్పుడల్లా దాని కింద ఇంకో తేదీ. నా కాగితం మీద ఇప్పటికి మూడు తేదీలు ఉన్నాయి. రెండోది మా అన్నయ్య ఫోటో చూసి వెళ్లి హెచ్‌బీఏ1సీ చేయించుకున్న రోజు, 6.1 వచ్చింది. మూడోది ఆర్నెల్ల తర్వాతది, 5.8.